రెండొందల మీటర్ల తగ్గింపు

ఆషాఢంలో బట్టలంగళ్ళవాళ్ళు బ్యానర్లు కట్టి మరీ తగ్గింపు ఇస్తారు. నేను ఏ బ్యానరూ కట్టకుండా, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండా, ఒక్క మాటతో రెండొందల మీటర్లు తగ్గించాను. గుడ్డ కాదు, నేల. ఐదొందలు చెప్పిన మనిషి చేత మూడొందలకు తల ఊపించాను. ఆయన గింజుకోలేదు, మొహం మాడ్చుకోలేదు, లేచి పోతానని బెదిరించలేదు. ఆత్మకూరు బజార్లో ఏళ్ళ తరబడి గద్దె మీద కూర్చున్న వాళ్ళనందరినీ తీసుకొచ్చి నిలబెట్టండి. ఒకే విడతలో ఐదింట రెండు వంతులు కోసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూద్దాం. నేనున్నాను. పైగా ఆ కోతకు నాకు నెల జీతం కూడా ఇచ్చారు.

నా ఉద్యోగం పేరు మా బజార్లో ఎవరికీ నోరు తిరగదు. సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరు, విమాన భద్రత. బెంగళూరులో ఒక కంపెనీ. మనిషి ఎక్కని విమానాలు చేస్తుంది: మందులూ రక్తం సంచులూ మోసుకుపోయే పెద్ద డ్రోన్లు. తయారుచేసేది నేను కాదు. అది ఎన్ని రకాలుగా చెడిపోగలదో, చెడిపోతే ఎవరి నెత్తిన పడుతుందో, పడకుండా ఏం చేయాలో ముందే ఆలోచించి రాసిపెట్టడం నా పని. మా నాయనకు ఒకసారి ఓపిగ్గా విడమర్చి చెప్పాను. అంతా విని, "అంటే పెండ్లికి పోయి చావు మాటలు మాట్లాడే ఉద్యోగం" అన్నాడు. ఇంతకన్నా బాగా నా పైవాళ్ళెవరూ ఇప్పటిదాకా చెప్పలేదు.

నాయనది ఆత్మకూరులో బట్టలంగడి. నేను పాకింది, లేచి నిలబడింది తానుల మధ్యనే. స్కూలు వదలగానే సంచీ లోపల పడేసి అంగట్లో కూర్చునేదాన్ని. ఎవరు కొనడానికి వచ్చారో, ఎవరు ఎండ తప్పించుకోవడానికి వచ్చారో చెప్పులు విడిచే తీరులోనే తెలిసిపోయేది. అక్కడ నేను నేర్చిన శాస్త్రం ఒక్కటే.

"మొదటి ధర ఎవుడూ నిజం చెప్పడు పాపా," అనేవాడు నాయన. "చెప్పినాడంటే వాడికి యాపారమన్నా తెలీదు, అవసరమన్నా ఉండాది. రెండిట్లో ఏదైనా మనకు మంచిదే."

కొనేవాళ్ళకూ ఆ శాస్త్రం తెలుసు. నాయన చీర వెయ్యి అంటే, ఎదురుగా కూర్చున్న ఆమె పెదవి విరిచి నాలుగొందలు ఇయ్యనా అంటుంది. ఏడొందల దగ్గర ఆగుతుందని ఇద్దరికీ ముందే తెలుసు. మధ్యలో నడిచేదాన్ని మేం అబద్ధం అనుకోలేదు, మర్యాద అనుకున్నాం. ఎప్పుడన్నా ఒకరు వెయ్యికి వెయ్యి తీసిచ్చి చీర చంకలో పెట్టుకుని పోతే మాకు సంతోషం కంటే అనుమానం ఎక్కువ. నోటు దొంగదేమోనని వెలుతురుకు పెట్టి చూసుకునేవాళ్ళం.

బెంగళూరు వెళ్ళి ఏసీ గదిలో కూర్చున్నాక తెలిసిందేమంటే, అదీ అంగడే. బ్యాటరీ వాళ్ళు ఇరవై నిమిషాలు వస్తుందన్నారంటే ఇరవై ఐదు వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రెండు నెలలు కావాలన్నారంటే అయిదు వారాల పని. రేపు మాట పడకుండా ప్రతివాడూ పైన నాలుగు వేసుకునే చెబుతాడు. ఎవరు ఎంత వేసుకున్నారో నేను మొహం చూసి చెప్పగలిగేదాన్ని. రెక్కల వాళ్ళ పెద్దకు అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళద్దాలు తుడుచుకునే అలవాటు. నేను కూర్చున్న సమీక్ష మధ్యాహ్నం భోజనాలకు ముగిసేది. నేను లేనిది మర్నాటికి పోయేది. మా మేనేజరు కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, ఈమె దగ్గర మీ పప్పులు ఉడకవు అని చెప్పేవాడు. అది నాకు అవార్డు కంటే ఎక్కువ. నెలకోసారి ఆత్మకూరు వచ్చినప్పుడు నాయనకు ఆ కథలు చెబితే, ఆయన లెక్క చూసుకుంటూనే నవ్వేవాడు. చదివించిన డబ్బు వృథా పోలేదన్న నవ్వు అది.

అప్పుడు మా జట్టులోకి ఒకాయన వచ్చాడు. వయసులో నా కంటే పెద్ద, హోదాలో ఒక మెట్టు కింద. శ్రీకాకుళం వైపు మేష్టారి కొడుకు. అంతకుముందు మనుషులెక్కే విమానాలు చేసేచోట పనిచేశాడు. ఆటోవాడు రెండొందలు అంటే ఆయన రెండొందలు ఇచ్చేసేవాడు. కూరగాయల బండి దగ్గర కొసరు అడగడం తెలియదు. నాకు ఆయన్ని చూస్తే జాలేసేది. పెళ్ళాం సంచీ ఇచ్చి బజారుకు ఎట్లా పంపిస్తుందో పాపం అనుకునేదాన్ని.

ఆ ఏడాది డ్రోన్ ట్రయల్స్‌కి ఖాళీ నేల కావలసి వచ్చింది. మా ఉదయగిరి కింద మెట్ట చూడండని నేనే చెప్పాను. ఊళ్ళు దూరం దూరం, వానలు పడేదాకా పైరు ఉండదు, బీళ్ళే బీళ్ళు. కంపెనీ ఒప్పుకుంది. రైతులతో కౌలు బేరం నేనే ఆడాను. డబ్బు కంపెనీది, నోరు నాది. పొలాల పెద్దరైతు ఒకాయన చివరికి చేతులు జోడించి, "అమ్మా, నువ్వు నెల్లూరు కలెక్టరువి కాకపోవడం మా అదృష్టం" అన్నాడు. ఆ మాట నేను బెంగళూరులో ఎంతమందికి చెప్పుకున్నానో.

కౌలుకు ఎంత నేల తీసుకోవాలన్నది మాత్రం భద్రత వాళ్ళం తేల్చాలి. డ్రోన్ ఎగిరే దారికి పక్కన మనుషులూ పశువులూ లేకుండా ఖాళీగా ఉంచాల్సిన నేల ఒకటి ఉంటుంది. ఎగురుతూ ఇంజను ఆగిపోతే డ్రోన్ పారాచూట్ విప్పుకుని దిగుతుంది. దిగేటప్పుడు దానికి సొంత బుద్ధి ఉండదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఎంత దూరం తోయగలదో అంత దూరమూ ఖాళీగా ఉండాలి. మాకు అక్కడ వీచేది పడమటి గాలి, కొండ మీదినుంచి దిగి తూర్పుకు తోస్తుంది. కాబట్టి తూర్పు వైపు ఎంత వదలాలన్నదే ప్రశ్న. ఆ తూర్పు బీట్లోనే కింద పల్లెవాళ్ళ గొర్రెలు మేస్తాయి. ఎక్కువ వదలాలంటే ఇంకో రెండు చేలు కౌలుకు తీసుకోవాలి, గొర్రెలవాళ్ళను ఆ సీజనంతా రావద్దనాలి, కాపలాకి ఒక మనిషిని పెట్టాలి.

ఆ లెక్క వేసింది శ్రీకాకుళం ఆయన. దాన్ని చూసి సంతకం పెట్టాల్సింది నేను. ఆ మాట మీటింగు గదిలో కూడా జరగలేదు. ఉదయగిరి బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు, కారు బానెట్ మీద మ్యాపు పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టుకుని నిలబడ్డాం.

"ఎంత వచ్చింది?" అన్నాను.

"తూర్పు వైపు ఐదు వందల మీటర్లు మేడం."

"ఐదొందలా. అవతల గొర్రెలున్నాయండీ. వాటినెక్కడికి తోలుకుపొమ్మంటారు, మీ లాడ్జి రూముకా?"

నవ్వాడు. "గాలి లెక్క అలా వస్తోంది మేడం."

"మూడొందలు చేద్దాం."

ఆయన మ్యాపు వైపు చూశాడు. నేను టీ తాగుతూ ఆయన రెండో మాట కోసం ఎదురుచూశాను. నాలుగొందల యాభై అంటాడు. నేను మూడొందల యాభై అంటాను. నాలుగొందల దగ్గర ఇద్దరం ఆగుతాం. అసలు సరుకు అదే అయివుంటుందని నా అంచనా. ఆయన ఆ రెండో మాట అనలేదు.

"మీరు చూశారు కదా మేడం. సరే," అని రాళ్ళు తీసి మ్యాపు మడిచాడు.

ఆ క్షణంలో నాకు గెలిచినట్టు కాదు, నష్టపోయినట్టు అనిపించింది. ఇంత సులువుగా దిగాడంటే ఇంకొంచెం కోసి ఉండొచ్చే అనుకున్నాను. కారెక్కాక మాత్రం నాకు నేనే ఒక సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను: పేదవాళ్ళ గొర్రెల మేత పోకుండా కాపాడాను అని. మూడొందలకూ ఐదొందలకూ మధ్య ఉన్న ఆ చెక్కలో ఇప్పుడు గొర్రెలు మేయొచ్చు. గొర్రెల వెనక మనుషులూ ఉండొచ్చు. కాయితం ప్రకారం అది ప్రమాదం లేని నేల. ఆ కాయితం మీద సంతకం నాది.

ట్రయల్స్ మొదలైన కొత్తలో అంతా సవ్యంగానే నడిచింది. మేం టెంటు వేసుకున్నాం. కంపెనీ పేరు అచ్చేసిన టోపీలు అందరికీ పంచారు. గొర్రెలాయన ఒకడు రోజూ ఆ తూర్పు చెక్కలోకి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. చేతిలో పొడుగాటి దోటి, దాని కొసన కొడవలి. బీట్లో గడ్డి ఎండిపోయిన రోజులు కదా, తుమ్మ చెట్ల కింద నిలబడి ఆ దోటితో కొమ్మలు లాగి రొట్ట కొట్టి మందకు వేసేవాడు. చేయి నిట్టనిలువుగా పైకెత్తి రోజంతా అదే పని. మావాళ్ళు ఆయనకు చేయి ఊపేవాళ్ళు, ఆయన తల ఊపేవాడు. నేను రెండుసార్లు ఆయన్ను చూసి, అదిగో నేను కాపాడిన మేత అనుకున్నాను కూడా.

ఆ రోజు పొద్దున గాలి కొంచెం ఎక్కువే. టెంటు గుడ్డ కొట్టుకుంటోంది. ఆషాఢం గాలి నాకు కొత్తదేం కాదు. అంగడి ముందు వేలాడదీసిన చీరలు ఎగిరిపోకుండా కొంగులకు రాళ్ళు కట్టిన చేతులు ఇవి. నేల మీద పెట్టిన గాలి మీటరు ఎగరేయొచ్చన్న వేగం లోపలే చూపించింది, ఎగరేశాం. కాసేపటికి ఇంజను ఆగిపోయింది. నారింజ రంగు పారాచూట్ చక్కగా విచ్చుకుంది. టెంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంజను ఆగడం ఇంజను చేసినవాళ్ళ తప్పు, పారాచూట్ విచ్చుకోవడం మా విజయం. మా ఉద్యోగంలో ఇట్లాంటి పండగలు అరుదు.

శ్రీకాకుళం ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆయన పారాచూట్ వైపు కాదు, దాని కింద నేల వైపు చూస్తున్నాడు. తూర్పుకు నడవడం మొదలుపెట్టాడు, తర్వాత పరుగెత్తాడు. మూడొందల మీటర్ల హద్దుకు పాతిన ఎర్ర జెండా పైనుంచి డ్రోన్ తేలిగ్గా దాటిపోయింది. గొర్రెలాయన అటు తిరిగి కొమ్మ లాగుతున్నాడు. మావాళ్ళు కేకలు పెట్టారు, కొమ్మల్లో గాలి హోరుకు వినిపించలేదేమో, ఆయన తల తిప్పలేదు. డ్రోన్ చప్పుడు వినలేదా అని తర్వాత ఎవరో అడిగారు. ఇంజను ఆగిపోయిన దానికి చప్పుడేముంటుంది.

కుడి భుజం మీద పడింది. లారీ మీదినుంచి వడ్ల బస్తా జారి పడితే ఎట్లా ఉంటుందో అట్లా. నేను రాసిన రిపోర్టులోనే ఉంది, మనిషి మీద పడితే తీవ్రమైన గాయం అవుతుంది, అందువల్ల ఆ హద్దు లోపల మనిషి ఉండకూడదు అని. ఆయన హద్దు లోపల లేడు. హద్దును నేనే ఆయనకు ఇవతల ఆగేటట్టు జరిపేశాను.

ఆత్మకూరులో కట్టు కట్టి నెల్లూరుకు పంపించారు. ఆపరేషన్ గది బయట బల్ల మీద నేనూ శ్రీకాకుళం ఆయనా కూర్చున్నాం. ఎదురుగా గొర్రెలాయన భార్య గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆమెకు వినపడకుండా అడిగాను.

"ఆ రోజు ఐదొందలన్నారు కదా. పైన ఎంత వేసుకుని చెప్పారు?"

"వేసుకోవడమేంటి మేడం?"

"అదే, ఎంత కలుపుకున్నారు? ఎంత ఎక్కువ చెప్పారు?"

"ఏం కలపలేదు. వచ్చింది చెప్పాను." నా వైపు తిరిగాడు. "మీ మూడొందలు ఎలా వచ్చింది మేడం? అడుగుదామనుకున్నాను. ఇది మీ ఊరు కదా, ఈ గాలి మీకు తెలుసు కదా, ఏదో చూసే చెప్పుంటారు అనుకున్నాను."

నా దగ్గర జవాబు ఉంది. ఎవరన్నా ఐదొందలు అంటే మూడొందలు అనాలి కాబట్టి. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయన లెక్కను నేను ధర అనుకున్నాను. నా ధరను ఆయన లెక్క అనుకున్నాడు. ఇద్దరం బాగా చదువుకున్నవాళ్ళం, ఒకే కంపెనీ, ఒకే మ్యాపు. టీ చల్లారేలోపు ఒక మనిషి భుజాన్ని ఇద్దరం కలిసి తేల్చేశాం.

ఇక్కడితో నేను బుద్ధి తెచ్చుకున్నానని రాస్తే బాగుండేది. కానీ జరిగింది అది కాదు.

నెల తర్వాత మేనేజరు ఫోన్ చేశాడు. నువ్వు లోకల్, వాళ్ళ భాష నీకొచ్చు, బేరం నీకు వెన్నతో పెట్టిన విద్య, కేసు దాకా పోకుండా నువ్వే మాట్లాడు, పది లక్షల దాకా పర్వాలేదు అన్నాడు. వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు వేప చెట్టు నీడలో గొర్రెపిల్లలు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేయి మెడకు వేలాడుతోంది. ఆమె నాకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది.

"ఆత్మకూరు బట్టలంగడి ఆయన కూతురివంట గదా," అన్నాడు.

"అవును పెదనాయనా."

"మా పాప పెండ్లికి గుడ్డలన్నీ మీ నాయన కాడనే తీసినాం. మంచోడు. ఒక తువ్వాలు ఊరికే ఇచ్చినాడు."

ఊరికే ఇచ్చిన తువ్వాలు ధర ఏ చీరలో కలిపాడో నాకు తెలుసు. చెప్పలేదు.

"చేయి ఎట్టుండాది?"

"కట్టు ఇప్పినాక అన్నం తినేదానికి వస్తాదంట. పైకి లేవదు. లేవదంట ఇంక. దోటి ఎత్తేదానికి కుదరదని చెప్పినాడు డాక్టరు."

"కంపెనీవాళ్ళు ఏదో ఒకటి చేద్దామనుకుంటా ఉండారు. ఎంతైతే బాగుంటాదో నువ్వే చెప్పు పెదనాయనా."

ఎదుటివాడి చేత ముందు ధర చెప్పించడం మా అంగట్లో అక్షరాభ్యాసం.

ఆయన భార్య వైపు చూశాడు. ఇద్దరూ ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది. "ఆపరేషనుకు మేం బయట తెచ్చింది లక్ష పైన అయ్యింది. రొట్ట కొట్టేదానికి ఒక మనిషిని పెట్టుకోవాల. వాడి కూలి ఒక ఏడాదికి. అంతా కలిపి మూడు లక్షలైతే సరిపోతాది పాపా."

"రెండుంబావు చేసుకుందాం పెదనాయనా," అన్నాను.

అన్నది నేనే. ఆలోచించి అన్నది కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. నా నాలుక నాకంటే ముందు ఉద్యోగంలో చేరింది, సెలవు కూడా తీసుకోదు. మూడు అన్నాక రెండుంబావు అనాలి, ఆయన రెండుముప్పావు అనాలి, అప్పుడు నేను పెద్ద మనసు చేసుకుని మూడుకే ఒప్పుకుందామని, ఆ తర్వాత పది మాట ఎత్తుదామని లోపల ఏదో లెక్క ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన రెండుముప్పావు అనలేదు.

"సరే," అన్నాడు.

"అంతేనా?" అంది ఆమె నన్ను కాదు, ఆయన్ని.

"ఆ పాప కూడా పైనోళ్ళకు చెప్పుకోవాల గదా," అన్నాడాయన.

నేను సంచీలోంచి కాయితాలు తీశాను. ఎడమ చేత్తో సంతకం రాదని వేలిముద్ర వేశాడు. ఇంకో మాట అనడానికి నాకు అక్కడ చాలా సేపు దొరికింది. సిరా అంటిన వేలు ఆయన గోడకు తుడుచుకునేదాకా దొరికింది. నేను మజ్జిగ గ్లాసు కడిగి పెడతానని లేచాను. ఆమె వద్దని గ్లాసు తీసుకుంది.

మేనేజరు ఫోన్లో చాలా మెచ్చుకున్నాడు. కేసు లేదు, పేపర్లో ముక్క లేదు. ఆపైన కంపెనీ ఒక కమిటీ వేసింది, నివేదిక రాసే పని నాకే వచ్చింది. కారణం: ఊహించని గాలి. సూచన: తూర్పు వైపు ఖాళీ నేలను ఐదు వందల మీటర్లకు పెంచాలి. శ్రీకాకుళం ఆయన అది చదివి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఊహించని గాలి కాదు కదా మేడం. ఊహించాం. ఊహించి చెప్పాం."

"ఇట్లా రాస్తే మీకూ ఇబ్బంది ఉండదండీ. ఆ మూడొందల కాయితం మీద లెక్క వేసినవారిగా మీ సంతకమూ ఉంది."

"నాకు ఇబ్బంది అని నేను అనలేదు," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ నివేదిక మీద సంతకం మాత్రం పెట్టలేదు. కొన్ని నెలలకు ఉద్యోగం మానేశాడు. ఎందుకు మానేస్తున్నారని అడిగితే, ఇక్కడ ఏ అంకె చెప్పినా ఎవరికి ఎలా వినిపిస్తుందో తెలియడం లేదు అన్నాడట. నాతో అనలేదు, వేరేవాళ్ళు చెప్పారు.

నేను ఆత్మకూరు వెళ్ళినప్పుడు నాయన అంగట్లో ఒక్కడే ఉన్నాడు. పెండ్లిళ్ళ రోజులు, నాలుగు ఊళ్ళవాళ్ళతో కిటకిటలాడాల్సిన వేళ. తలెత్తకుండానే అడిగాడు.

"రెండుంబావుకు దించినావంట."

"నీకెవరు చెప్పారు?"

"ఆ పల్లెవాళ్ళు చెప్పినారు. చెప్పేదానికే వచ్చినారు. చెప్పి, పక్కంగట్లోకి పోయి గుడ్డలు తీసుకున్నారు. నాకు కనపడాలని ఆ కవర్లు పట్టుకోని నా ముందర నుంచే పోయినారు."

"నువ్వు నేర్పిందే కదా నాయనా."

అప్పుడు తలెత్తాడు. "నేను నేర్పింది కొనేటోడితో ఆడే బేరం. ఆయన నీ కాడ ఏం కొనేదానికి వచ్చినాడు? నెత్తిన పడెయ్యమని ఆయన అడిగినాడా?" మళ్ళీ తానులు సర్దుకుంటూ, "రెండు పెండ్లిళ్ళ సరుకు పోయింది. నీ కంపెనీవాళ్ళు నాకు ఇస్తారా అది? అడుగు. అడిగి, నాకు కూడా సగానికి దించు," అన్నాడు.

ఆయన కోపం గొర్రెలాయన మీద జాలితో వచ్చింది కాదు, పోయిన గిరాకీ మీద. అయినా ఆ మొదటి మాట పట్టుకునే ఆ రాత్రి బెంగళూరుకు ఫోన్ కలిపాను.

మేనేజరును అడిగాను, మిగతాది ఇప్పించమని. వేలిముద్ర వేశాడు కదా అన్నాడు. మళ్ళీ ఇస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టు ఉంటుందన్నాడు. తప్పు మనదే కదా అన్నాను. ఫోన్లో ఇట్లాంటివి మాట్లాడొద్దు అన్నాడు.

చివరికి నేను కోసిన డెబ్బై ఐదు వేలూ నా ఖాతాలోంచి తీసి పట్టుకెళ్ళాను. గొర్రెలాయన ఎడమ చేత్తో తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. తీసుకోకుండా నన్ను ఇంకా చిన్నదాన్ని చేస్తాడేమోనని దారంతా భయపడ్డాను. అంత తీరిక ఆయనకు లేదు.

"ఇది కంపెనీదా, నీదా?"

"నాదే పెదనాయనా."

"అట్టయితే కంపెనీది ఇంకా రావాల."

"వాళ్ళు ఇయ్యరు."

"అప్పుడు నిన్ను ఎంత దాకా ఇయ్యమన్నారు?"

కొన్న ధర చెప్పిన అంగడివాళ్ళు మా వంశంలో లేరు. చంపినా చెప్పం.

"పది," అన్నాను.

పక్కన బియ్యం చెరుగుతున్న ఆమె చేట కింద పెట్టింది.  ఆయన కోప్పడతాడనుకున్నాను. సందేహం తీర్చుకునేవాడిలా అడిగాడు.

"మిగిలిన దాంట్లో నీకెంత వచ్చింది పాపా?"

"నాకేం రాలేదు."

"కమీషను?"

"లేదు పెదనాయనా."

"సంతలో దళారి కూడా కమీషను లేకుండా ఎవురి కడుపూ కొయ్యడు," అన్నాడు. "నీకేదో వచ్చిందిలే, బతకనీ అనుకున్నా ఇన్నాళ్ళూ. ఏం రాకుండానే చేసినావా."

చెప్పులేసుకుని వచ్చేశాను. అది జరిగి ఏడాది దాటింది, నేను మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

ఇక బిల్లు. నేల కోసినందుకు కంపెనీకి మిగిలింది రెండు చేల కౌలు, ఒక కాపలా మనిషి కూలి, అదీ ఒక్క సీజనుకు. అచ్చేసి పంచిన టోపీల ఖర్చు అంతకన్నా ఎక్కువ. పరిహారంలో మిగిలిన ఏడుముప్పావు లక్షలు ఏ పద్దులో కలిసిపోయాయో అడిగినవాళ్ళు లేరు. శ్రీకాకుళం ఆయన ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు, జీతం సగం. నాయనకు ఒక ఊరి గిరాకీ పోయింది, ఇంకా తిరిగి రాలేదు. గొర్రెలాయన కొలిచి అడిగిన ఏడాది కూలి ఏడాదికి సరిపోయింది. ఏడాది దాటాక చేయి లేవలేదు, కాబట్టి మందలో సగం అమ్మి మిగతా సగానికి రొట్ట కొట్టిస్తున్నాడు. ఆ సగం ఎన్నాళ్ళుంటుందో ఆయన లెక్క ఆయనకుంది. నాకు నివేదిక బాగా రాసినందుకు హోదా పెరిగింది, జీతం పెరిగింది. ఇచ్చిన డెబ్బై ఐదు వేలూ ఆ పెరిగిన జీతంలో మూడు నెలలకే తిరిగొచ్చేశాయి. అన్నీ కూడి తీసేస్తే నేను కట్టింది సున్నా.